అందరికీ అన్నీ

"మాల్యాద్రికి లెక్కల్లో తొంభై. తెలుగులో సున్నా. తోటపనిలో సున్నా!"

హెడ్మాస్టరు సంజీవరావు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. సున్నాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"తెలుగులో పేరమ్మే ఫస్టు సార్. మీ లెక్కల్లో?" అని అడిగింది ఎలిశబెతు టీచరు.

"తెల్లకాగితం ఇచ్చి వెళ్లింది."

తోటపని, డ్రిల్లు చూసే ఆనందబాబు బుర్ర గోక్కున్నాడు. "నా దగ్గర గురవమ్మను మించినవాళ్లు లేరు. మీ ఇద్దరి దగ్గరా గుండుసున్నాయా?"

బోగోలుకు ఎడంగా ఉన్న ఆ సముద్రపు పాలెంలో ఏడో తరగతి పెట్టించడానికి సంజీవరావు చెప్పులరిగేలా తిరిగాడు. ఎదిగే వయసులో తలా, చెయ్యీ, ఒళ్లూ సమంగా ఎదగాలని ఆయన పట్టుదల. అందుకే పాఠాలతోపాటు తోటకూ డ్రిల్లుకూ కూడా మార్కులు పెట్టాడు. ఒక్కదాంట్లో తప్పినా తప్పినట్టే. ఇప్పుడు క్లాసుకు క్లాసే తప్పి కూర్చుంది. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఇది చూశాడంటే క్లాసు ఎత్తేస్తాడు. మగపిల్లలు పడవెక్కుతారు. ఆడపిల్లల్ని బోగోలు దాకా పంపేవాళ్లెవరు?

"ఆ తెలుగు పేపర్లు నువ్వోసారి దిద్ది చూడు, ఆనందబాబూ."

"నేనా? తెలుగు టీచరుగారిది కదా సార్. సంధులంటేనే నాకు జ్వరం."

"పోనీ, క్లాసు మొత్తానికి సగటెంతో నువ్వు కట్టమ్మా."

"లెక్కలు మీవి కదండీ," అని ఎలిశబెతు నవ్వేసింది. సగటు సంజీవరావే కట్టుకున్నాడు.

ఇక లాభం లేదని, ఇంటికి బయల్దేరుతున్న మాల్యాద్రిని ఆపాడు.

"తెలుగు ఎందుకు రాయలేదురా?"

"అది మాది కాదు గదా అయివోరా! పేరమ్మోళ్ల బెంచీది."

"తోట?"

"గురవమ్మోళ్లది. మూడు బెంచీలోళ్లం తలా ఒకటి తీసుకున్నాం. ఎవురిది వాళ్లు గట్టిగా చేస్తే బడికే పేరు గదా!"

వాడు మెప్పుకోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. ముగ్గురు పంతుళ్లూ ముఖాలు చూసుకున్నారు.

"అర్థమైంది," అన్నాడు సంజీవరావు ఉన్నట్టుండి. "ఇది పడవ బుద్ధి! ఒకడు తెడ్డు, ఒకడు వల, వచ్చిన చేపలు వాటాలు. అదే బళ్లోకి తెచ్చారు. పదండి, పెద్దవాళ్లనే అడుగుదాం."

ముగ్గురూ ఇసకలో కాళ్లు కూరుకుపోతుంటే ఒడ్డుకు వెళ్లారు. పేరమ్మ తండ్రి ముత్యాలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన పేరమ్మ దారం అందిస్తోంది.

"ఏం ముత్యాలయ్యా, పిల్లలకు ఇదా మీరు నేర్పేది?" అని సంజీవరావు జరిగిందంతా చెప్పాడు.

ముత్యాలయ్య అయోమయంగా చూశాడు. "మేమా? పడవలో అట్టా చేస్తే మునిగిపోమా సార్? తెడ్డేసేవోడు జొరంతో పడుకుంటే వలేసేవోడే తెడ్డెయ్యాల. మా పడవెక్కినోడికి అన్నీ వచ్చుండాల."

"మరి వాటాలో?"

"వాటాలు చేపలకే సార్. పనికి యాడుండాయి వాటాలు?"

సంజీవరావు ఏడాదిగా మొత్తుకుంటున్నది ఈయన అవలీలగా చెప్పేశాడు. మరి పిల్లలకు ఈ పంపకం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఎలిశబెతుకూ తోచలేదు, ఆనందబాబుకూ తోచలేదు.

సంజీవరావు పేరమ్మ ముందు ఇసకలో చతికిలబడ్డాడు.

"చూడమ్మా, ఎవర్ని చూసి ఇలా పంచుకున్నారో నువ్వన్నా చెప్పు. వాళ్ల కాళ్లు పట్టుకునైనా మార్పిస్తాను. అప్పుడుగానీ మీ క్లాసు నిలబడదు."

పేరమ్మ జరిగి తండ్రి వెనక్కి చేరింది. "కొట్టరు గదా?"

"ఒట్టు. కొట్టను."

"మీ ముగ్గురినీ చూసే, అయివోరా."