చెట్టుకు కాసిన క్యారెట్లు

“ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు! ముప్ఫై ఎనిమిది మందిదీ ఒకటే జవాబు!”

చలపతిరావు జవాబుపత్రాల కట్టను ప్రిన్సిపాల్ బల్లమీద ధబీమని పడేశాడు. ఆయన మనవడు కేదార్ చదివేది రెండో తరగతి. అన్నిటికన్నా పైనున్నది వాడి పేపరే.

ప్రశ్న: క్యారెట్ ఎక్కడ పెరుగుతుంది?

జవాబు: చెట్టుకు, దారంతో.

“దారంతోనట! మాది కోనసీమండీ. క్యారెట్ కోయడానికి నిచ్చెన వేసినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. తిండి ఎక్కడినుంచి వస్తుందో చూపిస్తామని తోటకు తీసుకెళ్లింది ఇందుకా? నిన్న పకోడీ ఏ చెట్టుకు కాస్తుందని అడిగాడు మా వాడు!”

“శాంతించండి, చలపతిరావుగారూ. బాధ్యులు ఎవరో తెలుసు.” ప్రిన్సిపాల్ ఒక తెల్లకాగితాన్ని కృపామణి ముందుకు జరిపింది. “పిల్లల్ని తీసుకెళ్లిన టీచర్ మీరు. రాజీనామా రాసివ్వండి. నేనే తీసేశానంటే అమీర్‌పేటలో ఇంకే స్కూలూ మీ మొహం చూడదు. మీ మంచికే చెబుతున్నా.”

కృపామణి పెన్ను ముట్టుకోలేదు. ఆమె కూతురు ఒలీవియా ఇదే స్కూల్లో ఐదో తరగతి. టీచర్ల పిల్లలకు ఫీజు లేదు. ఈ కాగితం మీద సంతకం పడితే రేపటినుంచి ఇద్దరూ ఇంట్లోనే.

“మేడం, నేనసలు ఆ చెట్లే చూడలేదు. దారి పొడుగునా మా క్లాసు హరిణి వాంతులు చేసుకుంటూనే ఉంది. తోట దగ్గర బస్సు ఆగాక కూడా ముప్పావుగంట దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. దిగేసరికి పిల్లలు క్యారెట్లన్నీ కోసేసి సంచుల్లో వేసుకున్నారు. తోట చూపించింది ఆయా.”

తలుపు దగ్గర ఆయా దుర్గాంబ చీర చెంగు సర్దుకుంది.

“చూశానండీ. ఎర్రగా, గుత్తులు గుత్తులుగా ఉన్నాయండీ. హైబ్రిడ్ అనుకున్నానండీ.”

కింది అంతస్తులో కోచింగ్ సెంటర్‌వాళ్ల జావా క్లాసు మొదలైంది. మైకు మోతకు గోడలు అదురుతున్నాయి. అంతలో తలుపు తోసుకుని రఘురామ్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పిల్లలు వెళ్లిన తోట అతనిదే. మెడలో ఆఫీసు ట్యాగు, చొక్కా నిండా చెమట.

“సారీ మేడం, పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయాం.”

అతని వెనకే ఒక ముసలాయన చెప్పులు బయట వదిలి, తలపాగా విప్పి చేత పట్టుకుని లోపలికొచ్చాడు.

“మా తోట వాచ్‌మన్, పోచయ్య.”

“వాచ్‌మన్లతో నాకేం పని?” ప్రిన్సిపాల్ కుర్చీని గిర్రున కిటికీవైపు తిప్పుకుంది. “అతన్ని బయట కూర్చోమనండి.”

“ఉండనివ్వండి మేడం.” చలపతిరావు రఘురామ్‌కి అడ్డం నిలబడ్డాడు. “ఏమయ్యా జమీందారూ! నీ తాతల నాటి తోటలో క్యారెట్లు చెట్టుకు కాస్తాయా?”

రఘురామ్ మెడలోని ట్యాగు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“తాతల నాటిదేనండీ. కాకపోతే అమ్మినాయన తాతది. నేను కొని రెండేళ్లయింది. అరెకరం.”

“అందులో?”

“జామచెట్లు.”

“ఇంకా?”

“ఇంకొన్ని జామచెట్లు.” రఘురామ్ నేల చూపులు చూశాడు. “పిల్లల్ని తీసుకురమ్మని పేరెంట్స్ మీటింగులో గొప్పగా చెప్పేశాను. పరువు పోతుందని రైతుబజార్లో ఇరవై కిలోల క్యారెట్లు కొన్నాను.”

“కొని, చెట్లకు వేలాడదీశావు!”

“లేదండీ! ముందురోజే ఆకులతో సహా మట్టిలోనే పాతించాను. పిల్లలు వచ్చిన రోజు నేను తోటలో లేను. ఒట్టు! కావాలంటే ఇతన్నే అడగండి.”

“అవు సార్,” అన్నాడు పోచయ్య. “ఒక్కొక్కటి సాలు పెట్టి పాతిన. పొద్దుగూకేదాంక. నడుములు ఇరిగినయ్.”

“మరి అవి చెట్టెలా ఎక్కాయయ్యా?”

“ఎక్కిచ్చినం సార్. పొద్దుగాల బస్సు రాకముందే కారుల ఒక మేడం వచ్చింది. గా దినం శనివారమట, పిల్లలంత తెల్ల బట్టలు, తెల్ల బూట్లు ఏస్కొస్తరు, మట్టంటితే తల్లిదండ్రులు లొల్లి చేస్తరు, అన్ని పీకి కడిగి కొమ్మలకు కట్టుమన్నది. దారపుండ సుత ఆమెనే తెచ్చింది.”

“నువ్వు కట్టేశావా?”

“గట్ల కాయవమ్మా అన్న. చదువుకున్నది నువ్వా నేనా అన్నది. కట్టిన.”

“మేడమా!” చలపతిరావు కృపామణి వైపు తిరిగాడు. చేతిలోకి పెన్ను ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. “అదీ సంగతి! ఈవిడేనా?”

“గీమె కాదు సార్. గీమె వాంతులయ్యే పిల్లతోని బస్సులనే ఉండె. నేనే నీళ్లిచ్చొచ్చిన. కారుల మేడం దారాలు కట్టించి, బస్సు రాకముందే పోయింది.”

“మరెవరు? పేరు చెప్పు! ఆ చదువుకున్న మహాతల్లిని ఈరోజు బజారుకీడుస్తాను!”

“పేరు తెల్వది. జర ఆగుండ్రి సార్.”

పోచయ్య మెల్లగా బల్ల దగ్గరికి నడిచాడు. ప్రిన్సిపాల్ కుర్చీ ముందున్న ఇత్తడి పేరుపలక మీదికి వంగాడు. ఇంగ్లీషు అక్షరాల కింద తెలుగులో ఉన్న వరసను వేలితో పట్టుకుని, కూడబలుక్కుంటూ, గదంతా వినపడేలా చదివాడు.

“అరుణాదేవి, ఎమ్మెస్సీ, బాటనీ.”