రాని పిలుపు

హజ్ యాత్రకు పేర్లు డ్రా తీశారు. ఈసారీ తమ పేర్లు రాలేదని పీరా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చెప్పేశాడు.

రసూల్ బీ స్టవ్ ఆపేసి కూలబడింది. వరుసగా ఇది ఐదో ఏడు. ప్రతి ఏడూ కొత్తగా ఫొటో దిగి మొగుడి చేతికిస్తుంది. ప్రతి ఏడూ ఇదే కబురు. తాముండే యాప్రాల్‌లోనే, తమ తర్వాత హజ్‌కు పోదామనుకున్నవాళ్లు కూడా వెళ్లొచ్చి, ఇంటింటికీ జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు పంచారు. ఆ ఖర్జూరం ఆమెకు గొంతు దిగలేదు.

"అల్లా పిలిస్తెనే పోతరు. నన్ను పిలుస్తలేడంటే నాలోనే ఏదో ఖరాబున్నది," అంది.

"డ్రాకు పాపం పుణ్యం తెల్వదు చాచీ," అంది ఇల్మా. పీరా అన్నకూతురు. పై వాటాలో ఉంటుంది, స్టాటిస్టిక్స్ చదువుతోంది. "ఒక్క సీటుకు ముగ్గురు పోటీ అనుకో. ఐదేండ్లు వరుసగ రానోళ్లు నూటికి పదమూడు మంది ఉంటరు. మీరు ఆ పదమూడుల పడ్డరు, గంతే."

"జెర మంచిగ సమ్‌జాయించు బిడ్డా," అన్నాడు పీరా. మళ్లీ తనే అడిగాడు. "ఇంకో ఐదేండ్లు సుత రాకుంటే?"

"పదేండ్లా? నూటికి ఇద్దరు సుత ఉండరు చాచా. అప్పుడు నేనే నమ్మ."

పీరా మొహం పాలిపోయింది. చూసి రసూల్ బీ ప్రాణం ఉసూరుమంది. తన పాపం మూలంగా ఈయన కూడా ఆగిపోయాడు కదా అనుకుంది.

లెక్కలు ఆమె తలకెక్కలేదు. మనసు నొచ్చినవాళ్లు మాఫ్ చేస్తేనే హజ్‌కు పిలుపొస్తుందని ఆమె నమ్మకం. మర్నాడే మొగుణ్ణి వెంటబెట్టుకుని అల్వాల్‌లో ఆడబిడ్డ ఇంటికి వెళ్లింది. ఎప్పుడో ఓ పెళ్లిలో గొలుసు పోతే, నలుగురిలో రసూల్ బీని దొంగని చేసిన మహాతల్లి ఆవిడ. ఆ గొలుసు తర్వాత ఆవిడ బీరువాలోనే దొరికింది. అయినా ఇప్పుడు చేతులు పట్టుకున్నది మాత్రం రసూల్ బీయే.

"నా వల్ల నీ దిల్ నొచ్చి ఉంటె మాఫ్ చెయ్యి ఆపా."

ఆడబిడ్డ లోపలికి రమ్మనలేదు. "ఇన్నేండ్లకు అకల్ వచ్చింది," అంది, పక్కింటివాళ్లకు వినబడేలా.

పీరా గేటు దగ్గరే తలవంచుకుని నిలబడ్డాడు.

తిరుగు బస్సులో రసూల్ బీ మొహం వెలిగిపోతోంది. "దిల్ హల్కా అయింది. వచ్చే ఏడు పిలుపు పక్కా."

"నీ తప్పేం లేదు. ఎన్నడు లేదు," అంటూ పీరా కళ్లు తుడుచుకున్నాడు.

తన కోసం ఇంతగా ఏడ్చే మొగుడు దొరికాడు, అంతకన్నా అదృష్టమేముంటుందనుకుని రసూల్ బీ అతని భుజం మీద తల వాల్చింది.

ఆమె హజ్‌కని పైసా పైసా దాచిందంతా ఆమెకు తెలియకుండా రాంగోపాల్‌పేట్‌లో చెప్పుల కొట్టు పెట్టి ముంచేసిన పీరా, పేరొస్తే ఏం కట్టాలో తెలియక, ఈ ఐదేళ్లలో ఒక్కసారి కూడా దరఖాస్తు పెట్టలేదు.