పరాయి కత్తెర

"ఓ తడిగుడ్డ ముక్క ఇప్పిస్తారా?"

గుమ్మంలో నిలబడి అడిగింది ఆ పెద్దావిడ. మాటలో పరాయి యాస. ఒక్కో మాటా వెతుక్కుని పలుకుతోంది.

కత్తెర్లకు మరలు బిగిస్తున్న కోడలు తలెత్తి చూసింది. దాహమడిగేవాళ్లు వస్తారు, దారడిగేవాళ్లు వస్తారు. తడిగుడ్డ అడిగిన మనిషిని మాత్రం ఇదే చూడటం.

గుడ్డ తడిపి తెచ్చి ఇచ్చింది.

పెద్దావిడ బల్ల మీది కత్తెర ఒకటి తీసుకుని ఆ గుడ్డను కత్తిరించింది. ఎక్కడా పట్టలేదు. ఎక్కడా మడత పడలేదు. తెగిన అంచును వేలితో తడిమి తనలో తను నవ్వుకుంది.

"దీన్ని సాన పట్టిందెవరు?"

"మా మావయ్యగారండీ."

"ఆయన్ని చూడొచ్చా?"

వెనక గదిలో సానరాయి చప్పుడు ఆగింది. మావగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆ వీధిలోని కత్తెర పనివాళ్ల సంఘానికి ఆయనే పెద్ద.

"ఏం కావాలమ్మా?"

"మీ కొలిమి చూడాలి. ఉక్కును ఎంత ఎరుపు వచ్చేదాకా కాలుస్తారు? దేంట్లో ముంచుతారు?"

మావగారి మొహంలో రంగు మారింది.

"మిమ్మల్ని ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. నాకే చూడాలనిపించింది."

"కత్తెర కొంటారా?"

"లేదు. నాకిప్పుడు కత్తెరతో పని లేదు."

"కొనరు గానీ గుట్టు మాత్రం కావాలి! అమ్మాయ్, ఈవిడకు దారి చూపించు."

పెద్దావిడ చిన్నబుచ్చుకోలేదు. వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగి, మునివేళ్ల మీద నిలబడి, లోపలి కొలిమి కనిపిస్తుందేమోనని మెడ సాచింది.

ఆ రోజంతా మావగారు రుసరుసలాడుతూనే ఉన్నాడు. ఆయన బాధ ఆయనది. ఏ దేశానివో చవక కత్తెర్లు ఓడ దిగి ఊరి మీద పడ్డాయి. ఇద్దరు పనివాళ్లను మాన్పించాల్సి వచ్చింది. అందులో ఒకడు సొంత తమ్ముడు. అందుకే మర్నాడు సంఘం సభ పెట్టాడు. పరాయి కత్తెర రేవులో అడుగుపెట్టకూడదని తీర్మానం చేసి సర్కారుకు పంపాలి.

"ఆవిడ ఆ చవక కత్తెర్ల కంపెనీ మనిషే. మన పనితనం కాజేయడానికొచ్చింది," అన్నాడు భోజనం దగ్గర.

"మావయ్యా, మన ఉక్కు ఎక్కడిది?" అంది కోడలు.

"పైదేశానిది. ఏం?"

"సానరాయో?"

"అదీ అక్కణ్ణుంచే. అయితే?"

"మన కత్తెర్లు కూడా సగానికి సగం ఓడెక్కి పోతాయి కదా. ఆ దేశంవాళ్లు కూడా ఇలాగే రేవు మూసేస్తే?"

"వాళ్లెందుకు మూస్తారు? మనది మంచి సరుకు."

"ఎవరికి మంచిది, మావయ్యా? కొనేవాళ్లకా, అక్కడి పనివాళ్లకా?"

"నీ తిక్క ప్రశ్నలు నువ్వూనూ! అన్నం వడ్డించు."

మర్నాడు సభ కిటకిటలాడింది. మావగారు మాట్లాడుతుంటే చప్పట్లు. తీర్మానం చదవబోతుండగా వెనక వరసలోంచి ఓ చెయ్యి లేచింది.

"నేనొకటి అడగొచ్చా?"

ఆ పెద్దావిడే.

"బయటి మనిషికి ఇక్కడేం పని?" అని ఎవరో అరిచారు. "గూఢచారి!" అన్నారింకెవరో. మావగారే దిగొచ్చి, ఆవిడ రెక్క పట్టుకుని గుమ్మం దాకా నడిపించి తలుపేశాడు.

కోడలు ప్రాణం ఊరుకోలేదు. పక్క వాకిలి నుంచి వెనకే వెళ్లింది.

"ఏం అడగాలనుకున్నారమ్మా?"

"ఈ సభకి బట్టలు కుట్టేవాళ్లను ఒక్కరినైనా పిలిచారా అని."

కోడలు కిటికీలోంచి లోపలికి చూసింది. అందరూ కత్తెర్లు చేసేవాళ్లే. దర్జీ అన్నవాడు ఒక్కడూ లేడు.

"రేవు మూస్తే మీవాళ్లకు పని దొరుకుతుంది. అది అందరికీ కనబడుతుంది. కత్తెర ధర పెరిగి, కుట్టుపని మొదలుపెట్టలేక ఇంట్లో కూర్చునే పిల్ల ఎవరి కంటా పడదు." తర్వాతి మాట వెతుక్కుంది. "మీ మావగారి కోపం తప్పని అనను. పని పోతే కోపం రాదూ! పనిలేనివాళ్లకు దారి చూడమని అడగాలి. తలుపు మూయమని కాదు."

లోపల చప్పట్లు మోగాయి. తీర్మానం నెగ్గినట్టుంది.

"ఒక్కసారి కొలిమి చూపిస్తావా? చూసి వెళ్లిపోతాను."

కోడలు తటపటాయించింది. లోపల మావగారి గొంతు ఖంగుమంటోంది.

"ఇప్పుడు కాదండీ. రేపు ఆయన బజారుకెళ్తారు. అప్పుడు రండి."

"రేపు పొద్దున్నే నా ఓడ," అని పెద్దావిడ నవ్వి, కోడలి చేతిని ఓసారి నొక్కి, రేవు వైపు నడిచింది.

మర్నాడు సాయంత్రం, వాళ్ల కత్తెర్లను పైదేశానికి ఓడకెక్కించే వ్యాపారి వచ్చాడు. వస్తూనే అడిగాడు.

"పెద్దావిడ కొలిమి చూసి సంతోషించిందా మేస్త్రీ?"

"ఏ పెద్దావిడ?"

"అదేంటి, రాలేదా? మీ పనితనం కళ్లారా చూడాలని ఒకటే పట్టు. మీ వీధి గుర్తులు చెప్పింది నేనే."

"ఆ గూఢచారిని పంపింది నువ్వా!"

వ్యాపారి తెల్లబోయాడు.

"ఎంత మాట! ఆవిడ దేశంలో మీ కత్తెర్లు రాకుండా రేవు మూయాలని సభ పెడితే, 'మా దర్జీల చేతికి ఇన్నాళ్లకి మంచి కత్తెరొచ్చింది, దాన్ని లాక్కోవద్దు' అని లేచి వాదించింది ఆవిడొక్కతే. ఆవిడ మాట విన్నాకే అక్కడివాళ్లు ఆగారు. మీ సరుకు ఇంకా అక్కడికి వెళ్తోందంటే అందుకే."

మావగారు గుమ్మంలోకొచ్చి రేవు వైపు చూశాడు.

"ఆవిడ దర్జీనా బాబాయ్‌గారూ?" అంది కోడలు.

"కాదు తల్లీ. ఆవిడదీ కత్తెర్లు చేసే ఇల్లే. మీ సరుకు దిగాక అక్కడ మొట్టమొదట చల్లారింది ఆవిడ కొలిమే."