కోరస్‌లో ఒక గొంతు

ఏడాదిగా ప్రతి శనివారం గ్యారీ పవ్లిక్ ఆ పాత రికార్డుల షాపుకు వస్తున్నాడు. ఫోన్‌లో ఒక రికార్డు అట్ట ఫొటో చూపిస్తాడు. అది రాలేదని షాపు నడిపే డార్లీన్ తల అడ్డంగా ఊపుతుంది. అయినా నమ్మడు. మెటల్ సంగీతం రికార్డులున్న పెట్టెలన్నీ తనే ఓసారి వెతుక్కుని మరీ వెళ్తాడు.

నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని డార్లీన్ వేళాకోళం చేసేది. అతను చిరునవ్వుతో సరిపెట్టేవాడు. ఆగస్టు ఎండలోనూ మెడకు నల్ల రుమాలు కట్టుకునే వచ్చేవాడు. అరవై దాటినా ఈ మెటల్ వాళ్లకు కుర్రవేషాలు పోవని ఆవిడ నవ్వుకునేది.

అతనికి కావలసింది బాయిలర్ డాగ్స్ అనే బ్యాండ్ చేసిన ఒకే ఒక్క ఆల్బమ్. నలభై ఏళ్ల కిందట మెటల్‌నీ పంక్‌నీ కలిపి బాదిన కుర్రాళ్లు వాళ్లు. సొంత ఊరు క్లీవ్‌లాండ్‌లోనే వాళ్ల పేరు ఎవరికీ తెలీదు. కోరస్ అరవడానికి మనుషులు కావాల్సొచ్చి, అలాంటి బ్యాండ్లన్నీ చేసే పనే వాళ్లూ చేశారు. బీరు ఆశ చూపించి, బయట పార్కింగ్‌లో నిలబడ్డవాళ్లని స్టూడియోలోకి తోలుకొచ్చారు. ఆ వెంటనే బ్యాండ్ విడిపోయింది. ఆ పాటలు రికార్డుగా వచ్చాయన్న సంగతే గ్యారీకి నిరుడు తెలిసింది.

ఆ అరిచిన గుంపులో ఒక గొంతు ఉంది. దానికోసమే ఈ తిరుగుడంతా.

ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఇంట్లో ఫోన్ ఆన్సరింగ్ మెషీన్ టేపులో కాస్త ఉండేది. విడాకులప్పుడు పెళ్లాం దాన్నీ పట్టుకుపోయింది. ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చుని ఎంత తలుచుకున్నా ఈ మధ్య ఆ గొంతు సరిగ్గా గుర్తుకు రావడం లేదు. పూర్తిగా మరిచిపోతానేమోనని అతనికి దిగులు పట్టుకుంది.

ఈ శనివారం డార్లీన్ తల ఊపలేదు. నిన్న ఎవరో అటక ఖాళీ చేసి పెట్టెలు ఇచ్చిపోయారని చెప్పి, రికార్డు తీసి ప్లేయర్ మీద పెట్టింది.

మూడో పాటలో గిటార్లు ఆగాయి. గుంపంతా ఒక్కపెట్టున అరిచింది. అందరూ ఆపేశాక ఒక్క గొంతు మాత్రం ఇంకోసారి అరిచి, తప్పు తెలుసుకుని పకపకా నవ్వింది.

గ్యారీ వేలెత్తాడు. ఆవిడ మళ్లీ వేసింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ వేసింది. అతని కళ్లనీళ్లు గడ్డం మీదికి కారిపోతున్నాయి.

"ఆ నవ్విన మనిషి పోయాడా?" డార్లీన్ మెల్లగా అడిగింది.

కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఈ ఊళ్లోనే ఉన్నాడా?"

ఉన్నాడన్నట్టు తల ఆడించాడు.

"మరింకేం నాయనా, ఆయన్నే వెళ్లి పలకరించరాదూ? ఇంతకీ ఎవరాయన?"

గ్యారీ మెడకున్న రుమాలు విప్పి, క్యాన్సర్ ఆపరేషన్ తన గొంతులో మిగిల్చిన రంధ్రం చూపించి, అదే వేలితో నేనేనన్నట్టు తన గుండె మీద తట్టుకున్నాడు.