ఏడో నంబరు బిళ్ళ

"ఆ ఏడో నంబరు బిళ్ళను మళ్ళీ మేకుకు తగిలించు అక్కా" అన్నాడు ఇనుప మంచాలు చేసే షాపు యజమాని.

"తగిలించను" అంది తాళాలక్క.

ఆమె అతనికి తోడబుట్టిన అక్క. పనిముట్ల గది తాళాలు ఆమె దగ్గర ఉంటాయి కనుక షాపులో అందరికీ తాళాలక్క. ఆ గది ముందు గోడకు తొమ్మిది మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ళ. బిళ్ళ ఉన్నవారికే గాలి డ్రిల్లు. బిళ్ళ పోయినవారికి చీపురు. డ్రిల్లు దగ్గర మనిషికి పేరు ఉండదు, నంబరే.

ఈ ఉదయం ఏడో మేకు బోసిపోయి ఉంది. కారణం ఒక దారం.

ఏళ్ళ తరబడి గాలి డ్రిల్లు పట్టిన చేతిలో ఆ అదురు ఊరికే పోదు. వేళ్ళ చివరలు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. తరువాత మొద్దుబారతాయి. అందుకే ప్రతి నెలా మొదటి రోజున, డ్రిల్లు పట్టేవారందరూ చన్నీళ్ళ బకెట్టులో చేతులు ముంచి, తుడుచుకుని, కళ్ళు మూసుకుని నిలబడాలి. వేలిమీద ఒక నూలు దారం పెడతారు. ఏ వేలో చెప్పాలి. తప్పితే బిళ్ళ సొరుగులోకి పోతుంది. ఈ పద్ధతి పెట్టింది తాళాలక్కే.

ఈ ఉదయం ఏడో నంబరు తడుముకోకుండా చెప్పింది, చూపుడువేలని.

దారం అప్పటికే జారి నేలమీద పడి ఉంది.

"రేపు మధ్యాహ్నానికి ఆసుపత్రి మంచాలు లారీ ఎక్కాలి. ఇంకా నాలుగు వందల రంధ్రాలున్నాయి. ఎవరు వేస్తారు, మా తాత వేస్తాడా?" యజమాని గొంతు పెరిగింది. "సరుకు అందకపోతే ఎదురు షాపువాడు ఈ ఆర్డరును గద్దలా తన్నుకుపోతాడు. ముప్పై ఏళ్ళలో ఆ నంబరు చేతిలో ఒక్క వంకర రంధ్రం పడిందా?"

"పడలేదు. పడేదాకా ఆగమంటావా?"

"ఒక్క రోజు అక్కా. ఈ ఒక్క రోజు చూసీ చూడనట్టు పోరాదూ."

"మనం పోతాం. గాలి పోతుందా? మీట వదిలిందో లేదో వేలికే తెలియకపోతే బిట్టు తిరుగుతూనే ఉంటుంది. దానికి మొహమాటం లేదు."

మంచాలకు రంగు వేసే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఏడో నంబరు వంతుకు దారం పెట్టింది ఆయనే.

"నాకు ఈమధ్య చూపు ఆనడం లేదమ్మా. దారం వేలిమీదే ఉందేమో. నేనే పొరబడ్డానేమో."

"నిన్న గజం దూరం నుంచి ఆవగింజంత రంగు బుడగ పట్టుకున్నావు బాబాయ్. రాత్రికి రాత్రే చూపు పోయిందా?"

పెద్దాయన కుంచె కడగడంలో మునిగిపోయాడు.

మూడో నంబరు బక్కోడికి ఇదంతా వినోదంగా ఉంది. డ్రిల్లుకు గాలి గొట్టం ఊడదీయకుండా బిట్టు మార్చబోయి, మోచెయ్యి మీటకు తగిలి, బొటనవేలి తోలు ఒలుచుకున్న ఘనుడు అతను. పోయిన వేసవిలో పదిహేను రోజులు చీపురు పట్టాడు.

"మాకైతే పదిహేను రోజులు" అన్నాడు, పక్కవాడితో అన్నట్టే అందరికీ వినబడేలా. "ఏడో నంబరుకు పదిహేను నిమిషాలు. కూర్చుని చూడండి, సినిమా అయిపోవచ్చింది."

నలుగురూ నవ్వారు. తాళాలక్క నవ్వలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈ షాపు నాన్న నా పేర రాశాడు. గుర్తుందా?" అన్నాడు యజమాని.

"ఉంది. తాళాలు నాకిచ్చాడు. నీకు గుర్తుందా?"

"అవి లాక్కోవడం నాకు చేతకాదనుకోకు."

"లాక్కో. ఆ మేకుకు నువ్వే తగిలించు. ఆ క్షణం నుంచి ఈ గోడమీద ఉన్నవి బిళ్ళలు కావు, చొక్కా బొత్తాలు."

డ్రిల్లులకు గాలి నింపే కంప్రెసర్ ట్యాంకు నిండి ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో యజమాని చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి కాసేపు గాలిలో ఉండి, వెనక్కు పోయి మెడ గోక్కుంది.

"పోనీ, ఎన్నాళ్ళు?"

"తోలు ఊడితే పదిహేను రోజుల్లో వస్తుంది. స్పర్శ పోతే రాదు. ఏడో బిళ్ళ ఇక సొరుగులోనే."

"మరి నాలుగు వందల రంధ్రాలు?"

"బక్కోడు వేస్తాడు."

బక్కోడి నవ్వు సగంలో ఆగింది. "నేనా? ఏడో నంబరు డ్రిల్లుతోనా?"

"దానితోనే. కళ్ళద్దాలు పెట్టు. చేతికి ఆ గుడ్డ తొడుగులేమిటి, పెళ్ళికి వెళుతున్నావా? తీసెయ్, బిట్టు చుట్టేసుకుంటుంది. ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు బయటికి వదిలావా? సరే, ముందు గాలి కట్టెయ్. మీట నొక్కి మిగిలింది వదిలెయ్. గొట్టం ఊడదియ్. నూనె నాలుగు చుక్కలు. ఇప్పుడు ముట్టుకో బిట్టును."

అతను ఒక్కొక్కటే చేశాడు. మంచం పట్టీని బల్లకు బిగించి, గొట్టం తగిలించి, ఊపిరి బిగపట్టి మీట నొక్కాడు. మొదటి రంధ్రం నిటారుగా పడింది. యజమాని వంగి చూసి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

తాళాలక్క సొరుగుకు తాళం వేసింది. తాళాల గుత్తి పట్టుకుని వాకిలివైపు నడిచింది. మూడడుగులకు గుత్తి జారి నేలమీద పడింది. మళ్ళీ మొదలైన కంప్రెసర్ మోతలో ఆ చప్పుడు కలిసిపోయింది. ఆమె గుత్తి ఇంకా చేతిలోనే ఉన్నట్టు ఖాళీ పిడికిలి బిగించి అలాగే నడుస్తోంది.

బక్కోడు డ్రిల్లు ఆపి, గాలి కట్టేసి, గుత్తిని ఆమె వెనకే తీసుకెళ్ళి ఏడో నంబరు అరచేతిలో పెట్టి, ఆ ఇనుము చల్లదనం ఆమెకు తెలియదని గుర్తొచ్చి, ఆమె వేళ్ళను తానే ఒక్కొక్కటిగా మూశాడు.