హాల్‌బ్రూక్‌కే పంపండి

“కీగన్‌ని ఇవాళే వదిలించుకోండి. హాల్‌బ్రూక్‌కి పంపెయ్యండి,” అంది వెల్మా, కాఫీ కప్పు బల్ల మీద ఠపీమని పెట్టి.

మంచు మీద హాకీ ఆడే రింకు పక్కనున్న క్యాంటీన్‌లో అందరూ ఆమె వైపు తిరిగారు. జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడికి ఆ సాయంత్రమే గడువు. జనవరిలో ఆ ఒక్కరోజు మా ఊళ్ళో పనికి వెళ్ళినవాళ్ళు కూడా పని చెయ్యరు. పొద్దున్నే క్యాంటీన్‌కి చేరి, గ్రేవీ పోసిన బంగాళాదుంప వేపుళ్ళు తింటూ, జట్టు మేనేజర్ లైల్ చుట్టూ మూగుతారు. ఎవరిని ఇచ్చెయ్యాలో, ఎవరిని తెచ్చుకోవాలో చెప్పి అతని బుర్ర తింటారు. లైల్ పారిపోడు. జట్టు ఊరిది, అతని జీతమూ ఊరిదే.

“నీకు మతి ఉందా?” అన్నాడు ఒరెస్ట్. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఆటలకి వెల్మా పక్క సీటు అతనిదే. “మనకి లేనిది గోల్ కొట్టేవాడు. డిఫెన్స్‌లో గట్టిగా నిలబడేది ఆ కీగన్ ఒక్కడే. కప్పు కురుస్తోందని గోడ పడగొట్టుకుంటామా?”

“గోడట, గోడ. మొన్న కార్‌వెల్ వాళ్ళు ఆ గోడ కాళ్ళ సందులోంచే గోల్ కొట్టుకుపోయారు. అక్కడో చీపురు నిలబెట్టినా ఆపేది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒరెస్ట్ చెవులు ఎర్రబడ్డాయి.

“వాడు నీ ఇంట్లోనే తింటున్నాడు వెల్మా. రెండేళ్ళుగా.”

“అందుకే చెబుతున్నా. వాడి సంగతి నాకంటే ఎవరికి తెలుసు? తిండికి ముందు, ప్రాక్టీసుకి వెనక.”

మా జట్టు కుర్రాళ్ళంతా దూరపు ఊళ్ళవాళ్ళు. ఇంటికొకరిని పెట్టుకుని సొంత పిల్లల్లా చూసుకుంటాం. తన ఇంట్లో ఉన్న కుర్రాణ్ణి నలుగురిలో తిట్టిపోసిన మనిషిని మేమెప్పుడూ చూడలేదు. వెల్మా మాత్రం క్రిస్మస్ వెళ్ళిన దగ్గర్నుంచీ అదే పనిలో ఉంది. ఆట మధ్యలో సీట్లోంచి లేచి, మంచు మీద ఉన్నవాడికి వినబడేలా అరుస్తోంది. సిగ్గులేని మనిషి అని ఊరంతా తీర్మానించుకుంది.

లైల్ గొంతు సవరించుకున్నాడు. “నిజానికి కీగన్‌ని కార్‌వెల్ వాళ్ళు అడిగారు. బదులుగా ఇద్దర్నిస్తారట.”

“విన్నావా? ఒకడికి ఇద్దరు,” అన్నాడు ఒరెస్ట్. “వాడి విలువ పగవాడికి తెలిసింది, నీకు తెలియలేదు.”

“కార్‌వెల్‌కా?” వెల్మా విరుచుకుపడింది. “మార్చిలో వాళ్ళతో తలపడాల్సింది మనమే. మన పిల్లల్ని రింకు అడ్డుగోడకేసి కొట్టడానికి వాణ్ణి మనమే సాగనంపుతామా? హాల్‌బ్రూక్ అయితే వేరే విభాగం, మనకి ఎదురే పడదు. వాళ్ళ దగ్గర గోల్స్ కొట్టేవాడు ఒకడున్నాడు. తెచ్చుకోండి.”

ఆ మార్చి మాట చాలామందికి ఎక్కింది. అక్కడక్కడా తలలు ఊగాయి.

“హాల్‌బ్రూక్ పట్టికలో అట్టడుగున ఉంది,” ఒరెస్ట్ గొంతు పెరిగింది. “అక్కడ ఆడితే ఏ పెద్ద జట్టువాడు వచ్చి చూస్తాడు? వాడి బతుకు బుగ్గి చేస్తావా?”

“అడుగునే ఉండనీ. వాడికదే తగిన చోటు.”

“వాడు నీకేం అన్యాయం చేశాడే?”

వెల్మా కాఫీ కప్పు పక్కకి జరిపింది. లైల్ వైపు తిరిగింది. “ఇక వాడికి నా ఇంట్లో చోటు లేదు. ఇంకెవరింట్లో గది ఖాళీగా ఉందో వెతుక్కో. కార్‌వెల్‌కి పంపావో, మళ్ళీ మీ కుర్రాళ్ళెవరికీ నా తలుపు తెరవను.”

సీజన్ నడుమ ఏ ఇంట్లోనూ గది ఉండదని ఆమెకీ తెలుసు, లైల్‌కీ తెలుసు. ఉండడానికి ఇల్లు లేని కుర్రాణ్ణి జట్టులో ఉంచుకోవడం కుదరదు. లైల్ క్యాంటీనంతా కలయజూశాడు. అందరూ ప్లేట్లలోకి చూసుకున్నారు. ఒరెస్ట్ ఉండేదే కూతురి గ్యారేజీ మీద ఒంటి గది.

లైల్ ఫోన్ తీసుకుని బయటికెళ్ళాడు. తిరిగొచ్చి, “హాల్‌బ్రూక్ ఒప్పుకుంది. మధ్యాహ్నం బస్సుకి పంపిస్తున్నా,” అన్నాడు.

ఒరెస్ట్ ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. “ఇక నా పక్కన కూర్చోకు. నన్ను పలకరించకు. ఇది మనిషి చేసే పని కాదు.”

అతని వెనకే మిగతావాళ్ళూ లేచి వేరే బల్లలకి వెళ్ళిపోయారు. వెల్మా చల్లారిన కాఫీ ఒంటరిగా తాగి ఇంటికెళ్ళింది.

లైల్ ఫోన్‌లో చెప్పడంతో కీగన్ అప్పటికే సామాను సర్దుకున్నాడు. హాకీ కర్రలు గుమ్మం దగ్గర పెట్టాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వెల్మా రొట్టెల మధ్య మాంసం పెట్టి పొట్లం కట్టిచ్చింది. తీసుకోలేదు.

“నేనేం తప్పు చేశానో అదన్నా చెప్పండి,” అన్నాడు. “మిమ్మల్ని అమ్మా అని పిలిచాను.”

“బస్సు వెళ్ళిపోతుంది. కదులు.”

“మీ మొహం మళ్ళీ చూడను.”

ఇంటి తాళం చెవి నేల మీద విసిరేసి వెళ్ళిపోయాడు. తలుపు దడాలున మూసుకుంది.

వెల్మాకి ఏడుపు తన్నుకొచ్చింది. కిటికీ దగ్గరే నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఫోన్ అందుకుంది.

“బస్సెక్కాడు,” అంది అవతల ఫోనెత్తిన కీగన్ కన్నతల్లితో, “నీ జబ్బు సంగతి తెలిస్తే ఆట మానేసి వచ్చేస్తాడని నన్ను చెప్పనివ్వలేదు కదా, ఇప్పుడు ఆట మానక్కర్లేకుండానే నీ ఆసుపత్రి ఉన్న ఊరికి వస్తున్నాడు, ఇక బిడ్డకి నువ్వే చెప్పుకో తల్లీ.”