నాలుగో గుడ్డు

"పొక్లెయిన్‌కి అడ్డం పడుకుంటారా ఏమిటి మేడం? లేవండి" అన్నాడు సూపర్‌వైజర్.

చెల్లెలు పడుకోలేదు. కంకర మీద గొంతుక్కూర్చుంది, అంతే. ఆమె వెనక ఇరవై అడుగుల దూరంలో కంకర గుట్ట. గుట్ట వెనక పాత తవ్వకాల గుంటలో నిలిచిన నీళ్లు, నీళ్ల చుట్టూ జమ్ము.

"గుట్ట అంచున తీతువు గూడుంది బాబూ. నాలుగు గుడ్లు. మూడు పిల్లలయ్యాయి. నాలుగోది ఇప్పుడే పగులుతోంది."

అతను కళ్లు చిట్లించి చూశాడు. "నాకు రాళ్లే కనిపిస్తున్నాయి."

"అలా కనిపించబట్టే అవి ఇన్నాళ్లు బతికాయి. ఒక్క పూట ఆగు. ఒళ్లు ఆరగానే వాటంతటవే నీళ్ల దాకా నడిచిపోతాయి."

"పూటా? పది గంటలకి ఆరు లారీలొస్తాయి. ఎత్తాల్సింది ఈ గుట్టనే. పావుగంట ఇస్తా. టీ తాగొచ్చి ఈల వేశానంటే ఇక ఎవరు చెప్పినా ఆగను."

సూపర్‌వైజర్ దగ్గరుండి ఈల వెయ్యందే మిషను కదలకూడదని అక్కడి నియమం. అందుకే డ్రైవరు కేబిన్‌లో కాళ్లు చాపుకుని పేపరు చదువుకుంటున్నాడు.

గట్టు మీద గొడుగు కింద మడత స్టూలు వేసుకుని కూర్చున్న అక్క ఇదంతా చూస్తోంది. చెల్లెల్ని ఒంటరిగా ఈ గుంటలకి పంపలేక, మోకాళ్లు తిట్టుకుంటూ రోజూ వెంట వస్తుంది.

"నెల్రోజుల్నుంచీ రాళ్లకి కాపలా. ఇంట్లో పాలు పొంగితే మాత్రం చూడవు" అంది.

సూపర్‌వైజర్ టీ కోసం గుట్ట పక్కనుంచి నడిచాడో లేదో, అతని కాళ్ల ముందు తల్లి పిట్ట ధబ్బున పడింది. ఒక రెక్క నేలకి ఈడుస్తూ, అరుస్తూ, పడుతూ లేస్తూ పాకింది.

"ఒసే, దాని రెక్క విరిగిందే" అంటూ అక్క స్టూలు మీంచి లేచి నిలబడింది.

సూపర్‌వైజర్ కూడా అయ్యో అంటూ దాని వెనక వంగి నడిచాడు. ముప్ఫై అడుగులు అతన్ని అవతలికి తీసుకుపోయి, పిట్ట రెండు రెక్కలూ విప్పి నిక్షేపంగా ఎగిరిపోయింది. డ్రైవరు పేపరు పక్కన పెట్టి పకపకా నవ్వాడు.

"నాటకమక్కా. పిల్లల జోలికి ఎవరైనా వస్తే అలాగే కుంటుతుంది" అంది చెల్లెలు.

"ఎంత ఆరితేరిందే" అని అక్క మళ్లీ కూర్చుంది. గొడుగు సర్దుకుంటూ, "అయితే పుట్టిన పూటే తల్లిని వదిలి పోతాయా?" అంది.

"గూటినే వదిలేది. తల్లి వెంటే నడుస్తాయి."

"అలా చెప్పు మరి."

చెల్లెలు బైనాక్యులర్స్ కళ్లకి ఆనించింది. తల్లి నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి పిల్లల మీద కూర్చుంటోంది. అది ఒత్తిగిలినప్పుడల్లా నాలుగో గుడ్డు కనిపిస్తోంది. పెంకులో చిల్లు. చిల్లులో బియ్యపుగింజంత ముక్కు.

"అక్కా, ముక్కు బయటపెట్టింది. ఇంకొంచెం, ఇంకొంచెం..."

"మేడం, టైమైంది." సూపర్‌వైజర్ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడే గట్టు మీంచి కంకర జలజలా జారిన చప్పుడు. ముందు గొడుగు దొర్లింది, వెనకే అక్క. కిందికొచ్చి ఎడమ మోకాలు రెండు చేతులా పట్టుకుని, "పోయిందే నా కాలు" అని కేక పెట్టింది.

సూపర్‌వైజర్ నోట్లోంచి ఈల జారిపోయింది. పరుగున జీపు తెచ్చాడు. వెనకంతా పాత టైర్లు. ముందు ఒక్కరికే చోటు.

"టైర్ల మీదైనా కూర్చుంటాను, నేనూ వస్తానక్కా."

"నువ్వొస్తే దారంతా ఏడుస్తావు. నీ పిట్టల దగ్గరే ఉండు, అవేగా నీకు కావలసింది" అంది అక్క, మొహం తిప్పుకుని.

ఆ మాట చురుక్కున తగిలింది. జీపు దుమ్ము మలుపు దగ్గర కరిగిపోయేదాకా చెల్లెలు కదల్లేదు. తర్వాత, ఇంకేం చెయ్యాలో తోచక, తడి కళ్లతోనే బైనాక్యులర్స్ ఎత్తింది.

నాలుగోది వచ్చింది. తడిసిన దూదిలా పడి ఉండి, ఆరి, బొద్దుగా లేచి నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తల్లి పిలిచింది. పుల్లల్లాంటి కాళ్ల మీద నాలుగు దూది ఉండలు బయలుదేరాయి. చివరిది బోర్లా పడింది, లేచింది, మళ్లీ పడింది, పరుగెత్తింది. ఒక్కొక్కటే జమ్ములో దూరాయి.

"చూశావా అక్కా" అని తిరిగింది చెల్లెలు. స్టూలు ఖాళీగా ఉంది.

జీపు తిరిగొచ్చేసరికి ఒంటిగంట. సూపర్‌వైజర్ చెమటలు కక్కుతూ దిగి, కుడి మోకాలికి కట్టుతో ఉన్న అక్కని జాగ్రత్తగా దింపి స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"రెండు ఎక్స్‌రేలు తీశారు మేడం. ఎముక బాగానే ఉందంట. అయినా మూడోది తీయాల్సిందేనని మీ అక్కగారు మంచం దిగితే ఒట్టు" అని, వరసగా ఆగిపోయిన లారీల వైపు పరుగెత్తాడు.

చెల్లెలు అక్క పక్కన కూలబడింది. "నువ్వలా పడుంటే నేనిక్కడ పిట్టల్ని చూస్తూ కూర్చున్నానక్కా."

"నాలుగోది వచ్చిందా?"

"వచ్చింది."

"నడిచిందా?"

"నడిచింది. రెండుసార్లు పడింది. అన్నీ నీళ్లు చేరాయి."

గుట్ట అవతల ఈల మోగింది. మిషను గర్జించింది. అక్క అటూ ఇటూ చూసి, చటుక్కున లేచి, కట్టు చుట్టలు చుట్టలుగా విప్పి సంచిలో పడేసి, స్టూలు మడిచి చంకన పెట్టుకుంది.

"అది సరే గానీ, నేను పడ్డప్పుడు పట్టుకున్నది ఏ కాలే? అక్కడికి వెళ్లేసరికి మర్చిపోయి ఆ డాక్టరుకి రెండోది చూపించాననుకుంటా."